చుట్టును నిలిచి చూచువారు



బడిపిల్లల నడుమ జరుగు కొట్లాట లన్నియు ఒక్క తీరువి కావు. సమానబలము గల ఇరువురు ఉదయము తన్నుకొని సాయంత్రమునకు గోళీ లాడుదురు. అది తగవు. బలవంతుడో, గుంపుగా కూడినవారో ఒక దుర్బలుని ఎంచుకొని దినదినము వాని నత్తిని, చిరుగుచొక్కాను గేలిచేయుట వేఱు. అది పీడనము. ఈ భేదమును శాస్త్రీయముగా వివరించినవారిలో ప్రముఖుడు స్వీడన్‌లో జన్మించి నార్వేలో ఆచార్యుడైన డాన్ ఓల్వియస్.

పీడించువాడు లోలోన పిఱికివాడనియు, ఆ వెఱపును కప్పిపుచ్చుటకే బెదిరించుననియు లోకము తలచుచుండెను. 1970 ప్రాంతమున స్వీడన్ బాలురను పరిశీలించిన ఓల్వియస్‌కు అట్టి పిఱికితనము కానరాలేదు. పెత్తనము చేయు కోరికయు, పరుల బాధయెడ కనికరలేమియు కానవచ్చినవి. కనుక వానిని జాలిపడి విడుచుట ఎవరికిని మేలు కాదు.

1982లో ఉత్తర నార్వేలో ముగ్గురు బాలురు ప్రాణములు తీసికొనిరి. తోటివారి వేధింపే కారణమని తోచి దేశము తల్లడిల్లెను. మఱుసటి యేడే ప్రభుత్వము దేశమంతట ఉద్యమ మారంభించెను. బెర్గెన్‌లో 42 పాఠశాలల యందు, సుమారు 2500 మంది పిల్లల నడుమ ఓల్వియస్ పద్ధతి నమలు జరుపగా, పిల్లలు తెలిపినదానినిబట్టి, రెండేండ్లలో పీడనము ఇంచుమించు సగమునకు తగ్గెను. అందు మంత్రమేమియు లేదు: ఆటస్థలమున పెద్దల కన్ను, తరగతిలో చర్చించి యేర్పఱచుకొన్న నియమములు, తప్పుచేసినవానితోను వాని తల్లిదండ్రులతోను సూటిగా మాటలాడుట.

కెనడా దేశపు పరిశీలన యొకటి 2001లో వెలువడినది. బడి ఆటస్థలములను చిత్రించి చూడగా, పదింట దాదాపు తొమ్మిది సందర్భములలో తోటిపిల్లలు చుట్టును నిలిచియుండిరి. వారు అడ్డుపడినవి అయిదింట ఒకటికి మించలేదు. కాని అడ్డుపడినప్పుడు సగమునకు పైగా పర్యాయములు పది సెకండ్లలోపున పీడనము ఆగెను. పది సెకండ్లు! బావినుండి చేద పైకి వచ్చునంత కాలమైనను కాదు.

ఇక గాయము మానుట. బాధితుడు తొలుత తననే నిందించుకొనును. ఎట్టకేలకు నోరు విప్పినవానిని “నీవేమి చేసితివి?” అని అడుగుట పుండుపై కారము చల్లుట. విని, నమ్మి, దోషము నీది కాదని చెప్పు పెద్ద ఒకరు, ప్రక్కన నడచు స్నేహితుడొకడు ముందు కావలయును. ఇరువురిని ఎదురెదురుగా నిలిపి చేతులు కలిపించుట తగవునకు తగును. ఇక్కడ దుర్బలుడు భయముచేతనే తల యూపును.

బడివేళకు వచ్చి సెలవునాడు రాని కడుపునొప్పిని తల్లి గుర్తింపగలదు. ఆటలవేళ గ్రంథాలయపు మూలన తలవంచి కూర్చున్న బాలుడు పుస్తకముపై ప్రీతితో వచ్చెనో, వీథిలో కాచియున్న గుంపునకు వెఱచి వచ్చెనో తెలిసికొనుట గ్రంథపాలకునకును కష్టము కాదు. పుట తిరుగుచున్నదో లేదో చూచిన చాలును.