బెంచ్ మీద కూర్చున్నోడి పని ఏంటి? కేఎస్ భరత్ కథ

ఈరోజు ఒక స్కోర్‌కార్డుతో మొదలుపెడదాం. 2021 నవంబర్, కాన్పూర్‌లో ఇండియా-న్యూజిలాండ్ టెస్ట్. న్యూజిలాండ్ మొదటి ఇన్నింగ్స్ ఓపెన్ చేసి చూడండి. 89 కొట్టిన విల్ యంగ్, రాస్ టేలర్, 95 కొట్టిన టామ్ లాథమ్... రెండు క్యాచ్‌లు, ఒక స్టంపింగ్. మూడూ చేసింది ఒక్క కీపరే. కానీ ఇండియా పదకొండు మందిలో అతని పేరు ఉండదు. 'సబ్' అని రాసి ఉంటుంది, అంతే. అతనే మన వైజాగ్ కుర్రాడు కోన శ్రీకర్ భరత్.

ఇతని గురించి నేనెందుకు మాట్లాడుతున్నానో చెప్తా. బీటెక్ అయ్యాక నేను చేరిన కంపెనీలో ఏడు నెలలు బెంచ్ మీద ఉన్నా. బెంచ్ అంటే తెలుసు కదా? జీతం వస్తుంది, ప్రాజెక్ట్ ఉండదు. గుర్రంకొండ నుంచి మా నాయన ఫోన్ చేసి "ఏం పని చేస్తాండావు రా?" అంటే, "ట్రైనింగ్ నాయనా" అని అబద్ధం చెప్పేవాణ్ణి. నిజానికి లేటుగా లేచి, రీల్స్ చూసుకుంటూ, ఎవరైనా పిలుస్తారని ఎదురుచూసేవాణ్ణి.

భరత్ కూడా ఎదురుచూశాడు. కానీ చేతులు కట్టుకుని కాదు. 2015 ఫిబ్రవరిలో ఒంగోలులో గోవా మీద 308 కొట్టాడు. రంజీ ట్రోఫీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొదటి వికెట్ కీపర్ అతనే. అదే ఏడాది ఐపీఎల్‌లో ఢిల్లీ 10 లక్షలకు తీసుకుంది, ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. మొదటి ఐపీఎల్ మ్యాచ్ దొరికింది 2021లో, బెంగళూరు తరఫున. ఆ సీజన్‌లోనే ఢిల్లీ మీద చివరి బంతికి సిక్సర్ కొట్టి గెలిపించాడు, 78 నాటౌట్.

మళ్లీ కాన్పూర్‌కి వద్దాం. మూడో రోజు పొద్దున వృద్ధిమాన్ సాహాకు మెడ పట్టేసింది. భరత్‌ను గ్లవ్స్ వేసుకోమన్నారు. సబ్‌స్టిట్యూట్ కీపింగ్ చేయొచ్చన్న రూల్ వచ్చిందే 2017లో, అదీ అంపైర్లు ఒప్పుకుంటేనే. యంగ్ క్యాచ్ చాలా కింద పట్టాడు. అంపైర్ నాటౌట్ అన్నాడు. భరత్ నమ్మకంగా చెప్పేసరికి కెప్టెన్ రహానే రివ్యూ తీసుకున్నాడు. అవుట్! స్పిన్ తిరిగే పిచ్ మీద, అంతవరకు టెస్ట్ ఆడనోడు, కెప్టెన్‌ని ఒప్పించాడు చూడండి.

అయితే సబ్ బ్యాటింగ్ చేయకూడదు. రెండో ఇన్నింగ్స్‌లో సాహానే మెడనొప్పితో వచ్చి 61 నాటౌట్ కొట్టాడు. ఆ మ్యాచ్ భరత్ టెస్టుల లెక్కలోకి రాలేదు. ఇంకో మాట, ఆ సాహా కూడా ధోని వెనక ఏళ్ల తరబడి రిజర్వ్‌గా కూర్చున్నవాడే.

అసలు టెస్ట్ క్యాప్ వచ్చింది 2023 ఫిబ్రవరి 9న, నాగపూర్‌లో ఆస్ట్రేలియా మీద. రిషభ్ పంత్‌కు కారు ప్రమాదం జరగడంతో ఆ చోటు ఖాళీ అయింది. వాళ్లమ్మని హత్తుకున్న ఆ ఫోటో మీరు కూడా చూసే ఉంటారు.

ఇక్కడితో ఆపేస్తే సినిమా కథ అవుతుంది. కానీ జరిగింది వేరే. మొత్తం 7 టెస్టులు, 221 పరుగులు, ఎక్కువలో ఎక్కువ 44. 2024 ఫిబ్రవరిలో సొంతూరు వైజాగ్‌లో ఇంగ్లాండ్ మీద ఆడాడు, 17, 6. తర్వాతి టెస్టుకి ధ్రువ్ జురెల్ వచ్చాడు. అదే ఏడాది కోల్‌కతా ఐపీఎల్ కప్పు గెలిచింది, ఆ జట్టులో భరత్ ఉన్నాడు, ఒక్క మ్యాచ్ ఆడకుండా.

అంటే కష్టపడితే అన్నీ వస్తాయని నేను చెప్పను. రాకపోవచ్చు. నాకైతే ఏడో నెలలో ఒక సోమవారం పిలుపొచ్చింది. క్లయింట్ ఇంటర్వ్యూ. మొదటి ప్రశ్నకే నోరు పెగల్లేదు. ఆ ప్రాజెక్ట్ పోయింది. ఆ రాత్రి నాయనకు ఫోన్ చేసి నిజం చెప్పేశా. ఆయన తిట్టలేదు. "మదనపల్లె మార్కెట్లో టమోటా రేటు మనం చెప్తే వస్తాదా? కాయ బాగుండేట్టు చూసుకునేదే మన పని. నువ్వు కాయే చూసుకోలేదు" అన్నాడు. తిట్టుంటేనే బాగుండు అనిపించింది.

భరత్‌కీ నాకూ తేడా అదే. అతని రేటు ఎలా పోయినా, కాన్పూర్‌లో పిలిచిన పొద్దున కాయ రెడీగా ఉంది.

మీలో ఎవరైనా ఇప్పుడు బెంచ్ మీద ఉన్నారా? కంపెనీలో కావచ్చు, కాలేజీ టీంలో కావచ్చు, కానిస్టేబుల్ రిజల్ట్ కోసం కావచ్చు. రేపు పొద్దున పిలిస్తే మీ దగ్గర ఏం రెడీగా ఉందో కామెంట్‌లో రాయండి. అన్నీ చదువుతా. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.