సెఫ్ట్రియాక్సోన్ సూది

చిన్న గాజు సీసాలోని తెల్లటి పొడిలో స్టెరైల్ వాటర్ పోసి, కుదిపి, సిరంజిలోకి లాగే నర్సమ్మను ఆస్పత్రిలో చూసే ఉంటారు. ఆ పొడి చాలాసార్లు సెఫ్ట్రియాక్సోనే. ఈ మందుల వంశానికి మూలం ఒక బూజు. 1945లో ఇటలీలోని సార్డీనియా దీవిలో, మురుగునీరు సముద్రంలో కలిసేచోట బ్రోట్జు అనే వైద్యుడికి దొరికింది.

టైఫాయిడ్, న్యుమోనియా, మెదడు పొరల వాపు, ఇలా ఎన్నిటికో దీన్ని వాడతారు. బ్యాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోకుండా ఇది అడ్డుపడుతుంది. ఒంట్లో దీని మోతాదు సగానికి తగ్గడానికి దాదాపు 8 గంటలు పడుతుంది కాబట్టి, చాలా జబ్బులకు రోజుకొక్క సూది చాలు.

కండకు వేస్తే మాత్రం నొప్పి ఎక్కువే! అందుకే లిడోకెయిన్ కలుపుతారు. అలా కలిపిన మందును నరానికి ఎక్కించకూడదు. కాల్షియం ఉన్న రింగర్ లాక్టేట్ సెలైన్‌తోనూ కలపకూడదు, గట్టి రేణువులు కడుతుంది. పసికందులకైతే అది ప్రాణాంతకం. పెన్సిలిన్ పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి.

జలుబుకూ, డెంగీకీ ఇది పనిచేయదు. అయినా "డాక్టరుగారూ, ఓ సూది వేసెయ్యండి" అని పట్టుబట్టేవాళ్లున్నారు, కాదనలేక వేసేవాళ్లూ ఉన్నారు. ఇలా అనవసరంగా వాడేకొద్దీ బ్యాక్టీరియా మందుకు లొంగకుండా పోతుంది. 2016లో పాకిస్తాన్‌లోని సింధ్‌లో ఈ సూదికి లొంగని టైఫాయిడ్ బయలుదేరింది. వైద్యుల చేతిలో అజిత్రోమైసిన్, కార్బపెనెమ్‌ల వంటి కొద్ది మందులే మిగిలాయి.