పసిబిడ్డ పాలు మానేస్తే తెల్లవారేదాకా ఆగకండి



నాకిచ్చిన సమయం కొద్ది. కనుక ఒక్క క్రిమి గురించే చెబుతాను. దాని పేరు గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్. మొదట్లో దీన్ని పాడి పశువులకు పొదుగువాపు తెచ్చే క్రిమిగానే ఎరుగుదురు. ఇది ఆరోగ్యంగా ఉన్న ఆడవారి పేగుల్లోను, జననాంగంలోను కూడా ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద సుమారు అయిదుగురు గర్భిణుల్లో ఒకరికి ఉంటుందని అంచనా. ఇది సుఖవ్యాధి కాదు, శుభ్రత లేకపోవడం వల్ల వచ్చేదీ కాదు. కాబట్టి కోడలిని నిందించే పని లేదు.

కాన్పు సమయంలో ఇది బిడ్డకు సోకవచ్చు. సోకిన బిడ్డల్లో చాలామందికి ఏమీ కాదు. కొద్దిమందికి మాత్రం రక్తంలో చేరి ఊపిరితిత్తులకు, మెదడు పొరలకు పాకుతుంది. అప్పుడిక ప్రతి గంటా విలువైనదే.

దీనికి నివారణ ఉంది. అమెరికాలో 1996లో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సూచనలు జారీ చేసింది. క్రిమి ఉన్న తల్లికి నొప్పుల సమయంలో, వీలైతే కాన్పుకు 4 గంటల ముందే, నరానికి పెన్సిలిన్ ఇవ్వడం మొదలుపెట్టారు. 1990 దశకం మొదటితో పోలిస్తే, తొలి వారంలో వచ్చే జబ్బు అక్కడ 80 శాతానికి పైగా తగ్గింది.

మన దేశంలో ఈ పరీక్ష అందరికీ మామూలుగా చేయరు. అందుకే ఇంట్లోవాళ్లు చెప్పే సంగతులే డాక్టరుకు ఆధారం. ఉమ్మనీరు ఎన్నింటికి పోయిందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. 18 గంటలు దాటినా, నొప్పుల్లో జ్వరం వచ్చినా, 37 వారాలు నిండకుండా నొప్పులు వచ్చినా, ముందు బిడ్డకు ఈ జబ్బు చేసి ఉన్నా దాచకుండా చెప్పండి. పెన్సిలిన్ పడకపోతే అదీ చెప్పండి.

ఇంకొక మాట. ఆ ఇంజెక్షను, వారం దాటాక మూడు నెలల లోపు వచ్చే జబ్బును ఆపలేదు. అంటే మన ఇళ్లలో పాటించే నలభై రోజుల చిల్లా కూడా ఆ గడువులోనే పడుతుంది. బాలింత గడప దాటకూడదని బిడ్డను ఇంట్లోనే ఉంచితే ప్రమాదం. బిడ్డ పాలు పట్టకపోయినా, మూలిగినా, నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీసినా, ఒళ్లు కాలినా, చల్లబడినా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి. దిష్టి తీసి, వాము నీళ్లు పోసి చూద్దామని కూర్చోకండి.

నానీలు, దాదీలు ఈ సభకు ఎక్కువగా వచ్చారు. ఇంట్లో మీ మాటే చెల్లుతుంది. "పదండి, ఆసుపత్రికి" అనే మాట ముందు మీ నోటే రావాలి.