చుక్కల మందు, మునగాకు

స్వర్ణోత్సవ నిధిలో కొంత పిల్లల ఆరోగ్యానికి పెడదామనుకుంటున్నారు కాబట్టి, ఆరోగ్య శాఖలో పనిచేసినవాడినని నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను కళ్ల గురించే చెబుతాను.

పొద్దుగూకితే తడుముకుంటూ నడిచే పిల్లలు మీకు గుర్తుండే ఉంటారు. రేచీకటి అనేవాళ్లం. అది ఎ విటమిన్ లోపం. ముదిరితే తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ వస్తుంది. ఆ స్థితిలో తట్టు పోసిందంటే, ఒంట్లో మిగిలిన కాస్త విటమిన్ కూడా ఖర్చయిపోయి నల్లగుడ్డు రోజుల్లోనే మెత్తబడి చితికిపోవచ్చు. పోయిన చూపు తిరిగి రాదు.

దీని మీద పెద్ద పని మన హైదరాబాద్‌లోనే జరిగింది. 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన సంస్థే ఇప్పటి తార్నాక జాతీయ పోషకాహార సంస్థ. ఎ విటమిన్ కాలేయంలో నిలవ ఉంటుంది కాబట్టి, ఒక్కసారి పెద్ద మోతాదు తాగిస్తే నెలల తరబడి సరిపోతుందని వాళ్లు పల్లెల్లో పరీక్షించి చూశారు. 1970లో అది దేశవ్యాప్త కార్యక్రమమైంది. ఈనాడు హెలెన్ కెల్లర్ పేరిట నడిచే సంస్థ ఆఫ్రికాలో చేయిస్తున్నదీ ఇదే పని. అప్పటి మన డైరెక్టర్ సి. గోపాలన్ గారు మాత్రం అసలు పరిష్కారం తిండేననేవారు. నేనూ ఆయన పక్షమే. కానీ తిండి మారేదాకా పిల్లవాడి కన్ను ఆగదు కదా!

తొమ్మిదో నెలలో 1 మిల్లీలీటరు, తర్వాత ఆరు నెలలకోసారి 2 మిల్లీలీటర్లు, ఐదేళ్ల లోపు మొత్తం 9 డోసులు. మొదటిది తట్టు టీకాతో కలిసి పడిపోతుంది. తప్పేవి తర్వాతివే. పాలమూరు వలస సంగతి మీకు వేరే చెప్పాలా? తల్లిదండ్రులతో పుణె, ముంబై అడ్డాలకు పోయిన పిల్లలను ఏ అంగన్‌వాడీ లెక్కపెడుతుంది?

మందు సర్కారు ఉచితంగానే ఇస్తుంది, దానికి మన డబ్బు అక్కర్లేదు. మనుషులు కావాలి. బడి గేటుకు ఆర్చి కట్టాలన్నారు, కట్టండి. అంతకుముందు ప్రతి వాడలో వలసపోయిన ఇళ్ల పిల్లల జాబితా రాద్దాం. పండక్కి వచ్చినప్పుడు కార్డు చూసి, తప్పిన డోసు ఏఎన్ఎమ్మమ్మతోనే వేయిద్దాం. మనం సొంతంగా పోయకూడదు, ఎక్కువైతే వాంతులు, తలనొప్పి వస్తాయి. అంగన్‌వాడీల్లో మునగ మొక్కలు పెడదాం. ఆకు కూరలో కాస్త నూనె పడాలి, అప్పుడే విటమిన్ ఒంటికి పడుతుంది.

భోజనాలకు వెళ్లేముందు బ్యాచికి ఇద్దరు చొప్పున, ఊళ్లోనే ఉంటున్నవాళ్లు, కార్యదర్శి గారి దగ్గర పేర్లు రాయించండి.