దుఃఖాన్ని ఆలకించే విద్య
(ధమ్మచక్ర ప్రవర్తన దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బౌద్ధాన్ని చరిత్రగా బోధించే మమ్మల్ని కిసాగోతమి కథ ప్రతిసారీ ఆలోచింపజేస్తుంది. మరణించిన బిడ్డను ఎత్తుకొని వచ్చిన ఆ తల్లిని బుద్ధుడు, చావు ఎరుగని ఇంటి నుండి ఆవాలు తెమ్మని ఊరిలోకి పంపాడు. ఆమె గడప గడపకూ వెళ్లి ప్రతి ఇంటి దుఃఖాన్నీ విన్నది. భర్తను, బిడ్డలను, తల్లిదండ్రులను కోల్పోయి మతి చలించిన పటాచార, కోలుకొని భిక్షుణి అయ్యాక ఎందరో దుఃఖిత స్త్రీలకు ఊరట కలిగించిందని థేరీగాథ వల్ల తెలుస్తోంది. ఆధునిక మనోవైద్యమంతా త్రిపిటకాలలోనే ఉన్నదని మనం అనరాదు. అది చరిత్ర కాదు. అయితే ఈ కథలు ఒక ప్రశ్నను మన ముందుంచుతాయి: దుఃఖితుని మాట వినడానికి వైద్యపట్టా తప్పనిసరియా?

ఈ ప్రశ్న నేడు అత్యవసరమైనది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దలలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. రుగ్మతను బట్టి వారిలో 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. మనోవైద్యులు అధికంగా నగరాలలో ఉన్నారు. కూలి మానుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని వారం వారం నగరానికి వెళ్లగలిగే వారు మన వాడలలో ఎందరు?

దీనికి గోవాలో ఒక సమాధానం లభించింది. విక్రమ్ పటేల్ తదితరులు 1996లో స్థాపించిన సంగత్ సంస్థ, మానసిక వైద్యంలో పూర్వానుభవం లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి సలహాదారులుగా తీర్చిదిద్దింది. పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో తీవ్రమైన కుంగుబాటుతో ఉన్న 495 మందిపై అధ్యయనం జరిగింది. సలహాదారు ఆరు నుండి ఎనిమిది సార్లు కలిసి మాట్లాడేవారు. కుంగిన మనిషి పనులు మానుకుంటాడు, మనుషులకు దూరమవుతాడు; దానితో మరింత కుంగుతాడు. ఆ వలయాన్ని తెంచడానికి, అతనికి విలువైనవిగా తోచే చిన్న చిన్న పనులను ఎంచుకొని మళ్లీ మొదలుపెట్టేలా తోడ్పడడమే ఈ చికిత్స సారం. మూడు నెలలకు ఈ తోడు పొందిన వారిలో 64 శాతం మంది కోలుకోగా, మెరుగుపరచిన సాధారణ వైద్యం మాత్రమే పొందిన వారిలో 39 శాతం మంది కోలుకున్నారు.

తక్షశిల నెలకొన్న రావల్పిండి జిల్లా నుండి 2008లో వెలువడిన ఫలితం కూడా ఇటువంటిదే. అక్కడి గ్రామీణ మహిళా ఆరోగ్య కార్యకర్తలు కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు వెళ్లి, కాన్పు తరువాత కూడా కొనసాగిస్తూ, మొత్తం పదహారు సార్లు మాట్లాడారు. బిడ్డ క్షేమం పేరిట సంభాషణ సాగడం వల్ల కుటుంబాలు తలుపులు మూయలేదు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఆ తల్లులలో 23 శాతం మందిలో కుంగుబాటు మిగలగా, ఈ చికిత్స అందని తల్లులలో 53 శాతం మందిలో అది కొనసాగింది.

ఈ మార్గంలో మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, శిక్షణ, నిరంతర పర్యవేక్షణ లేని ఓదార్పు చికిత్స కాదు. ఆత్మహత్య ఆలోచనలు, మతిభ్రమ లక్షణాలు కనిపిస్తే వెంటనే వైద్యుని వద్దకు చేర్చాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి విహారంలోనూ కనబడాలి. రెండవది, విన్నది గుండెలోనే దాచుకోవాలి. చిన్న ఊరిలో ఒక్క మాట బయటికి పొక్కితే ఆ గడప మళ్లీ తెరుచుకోదు. మూడవది, తక్కువ ఖర్చు వైద్యమనే పేరిట కార్యకర్త శ్రమను చౌకగా తీసుకోరాదు. ఇతరుల బరువు మోసే స్త్రీకి న్యాయమైన వేతనం ఇవ్వాలి, ఆమె మాట వినడానికీ ఒకరుండాలి.

మరొక్క మాట. కుల అవమానంతో కుమిలే యువకునికి సర్దుకుపొమ్మని చెప్పడం చికిత్స కాజాలదు. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ మనకు చూపిన దారిలో మనశ్శాంతి, ఆత్మగౌరవం రెండూ ఉన్నాయి. మనిషిని లేచి నిలబడేలా చేయడం సలహాదారు పని; అవమానాన్ని తొలగించడం మనందరి పని.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై ఉన్న అశోకుని రెండవ శాసనం మనుషులకు, పశువులకు చేసిన వైద్య ఏర్పాట్లను ప్రకటిస్తున్నది. ఆ శాసనం వెలసిన నేల వారసులుగా, ప్రతి విహారం నుండి ఇద్దరు ఉపాసికలనైనా, ఇద్దరు ఉపాసకులనైనా ఇటువంటి శిక్షణకు పంపుదామని ఈ సభ సంకల్పించాలని కోరుతున్నాము. కల్యాణమిత్రత అనే మాటకు మన ఊళ్లలో అది ఆచరణరూపం కాగలదు.

నమో బుద్ధాయ. జై భీమ్.