వెనుక దీపం మనకు కనబడదు
(షోలాపూర్‌లో రాత్రి పాళీ కార్మికుల సభలో ఒక మరమగ్గ కార్మికుని ప్రసంగం)



మగ్గం మీద పేక పోగు తెగితే ఫోర్కు మగ్గాన్ని ఆపేస్తుంది. మన మోటారు సైకిలుకు ఆ తెలివి లేదు. వెనుక దీపం ఆరినా పోతూనే ఉంటుంది. ఆ సంగతి తెలిసేది వెనుక వచ్చే లారీవాడికి, అదీ మీదికి వచ్చాక. నా బండి దీపం ఎన్నాళ్ళు ఆరి ఉందో, పక్కింటి కుర్రాడు చెప్పేదాకా నాకే తెలియదు.

చీకటిపడ్డాక బండి వెనుక భాగం గోడవైపు పెట్టి స్టార్టు చేయండి. గోడ మీద ఎర్ర వెలుగు పడాలి, బ్రేకు వేస్తే పెరగాలి. చేతి బ్రేకు, కాలి బ్రేకు విడివిడిగా చూడండి, స్విచ్చులు వేరు.

పాత రకం బల్బు మీద 21/5 వాట్లు అని ఉంటుంది. లోపల రెండు పోగులు. 5 వాట్లది ఎప్పుడూ వెలిగేది, 21 వాట్లది బ్రేకుది. ఒకటి మాడినా రెండోది వెలుగుతుంది, అక్కడే మోసపోతాం. బల్బు మంచిదైతే తాళం తీసేసి హోల్డరులో చిలుము గీకండి, ఎర్తు తీగ బిగించండి.

ఫ్యూజు పోతే అన్నే ఆంపియర్లది వేయండి. సిగరెట్టు పెట్టె రేకు చుట్టేవాళ్ళున్నారు మనలో! ఫ్యూజు బదులు వైరింగు కాలుతుంది. కొత్త ఫ్యూజూ వెంటనే పోతే మెకానిక్కుకు చూపండి.

2017 ఏప్రిల్ నుంచి తయారైన బళ్ళకు ముందు దీపం ఆర్పే స్విచ్చు లేదు. ముందు వెలుగుతోంది గనుక వెనుకా వెలుగుతోందనుకోవద్దు.

ఈ రాత్రి పాళీ వదిలాక గేటు దగ్గర ఒకరి బండి ఒకరం చూద్దాం. మొదట నాది చూడండి.