యంత్రమునకు చేను నేర్పవలసిన పాఠము
(నల్లపాడు రైతులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మరమనిషి అనగానే మనిషివలె నడచి మాటలాడు బొమ్మ మన కన్నులకు కట్టును. కాని ఇంజనీరింగు పరిశోధకులు రోబోట్ అనునది వేరు. చూచుట, చూచినదానిని బట్టి నిర్ణయించుట, ఆ ప్రకారము చేయుట - ఈ మూడింటిని తనంతట నిర్వహించు యంత్రమే రోబోట్. కెమెరా దానికి కన్ను, కంప్యూటరు మెదడు, మోటారు కండ. వీనినన్నిటిని ఒక్కటిగా కూర్చు విద్యకు మెకట్రానిక్స్ అని పేరు.

ఈ విద్యను పెంచినవారిలో మన తెలుగువారొకరు గలరు. నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించిన రాజ్ రెడ్డి గారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందినారు. 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ వెలసినపుడు దానికి తొలి డైరెక్టరు వారే. 1994లో ట్యూరింగ్ బహుమానము వారికి లభించినది.

ఆ సంస్థ పరిశోధకులు 1990 దశకములో డిమీటర్ అను కోత యంత్రమును రూపొందించినారు. కోసిన మేరకును కోయవలసిన పైరుకును నడుమ గల గీతను కెమెరాతో కనిపెట్టుచు, డ్రైవరు లేకయే అది పశుగ్రాసమును కోసినది.

అట్లయిన మన పత్తిని, మిరపను ఏల కోయరాదని మీరడుగవచ్చును. పశుగ్రాసము ఒక్కసారిగా కోతకు వచ్చును. మిరప మొక్కపై పూత, పచ్చికాయ, పండుకాయ ఒకేసారి ఉండును. కొమ్మ విరుగకుండ, తొడిమ ఊడకుండ పండుకాయను మాత్రమే కోయవలెను. పత్తియు విడతలుగా పగులును. మన కూలి అక్కచెల్లెండ్ర వ్రేళ్లకు తెలిసిన ఈ నేర్పు యంత్రమునకు నేర్పుట కడు కష్టము. పైగా ఆ కోతకూలియే వారి జీవనాధారము. కావున యంత్రము వచ్చినచో దానిని నడుపు శిక్షణ మొదట వారికే దొరకవలెనని మా అభిప్రాయము.

మందు కొట్టు పని సంగతి వేరు. వీపున స్ప్రేయరు మోయుచు విషపు తుంపరలను పీల్చు పనిని యంత్రము తీసికొనినచో విచారించువారుండరు. డ్రోన్ అనగా ఎగురు రోబోటే. నడుపు మనిషి గట్టుపై దూరముగా నిలువవచ్చును. మనకు చెంతనే లాంలో నున్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము డ్రోన్లతో మందు చల్లుటపై పరిశోధనలు జరిపినది. ఎంత ఎత్తున ఎగురవలెను, తుంపర ఎంత సన్నముగా నుండవలెను, గాలికి మందు పొరుగు చేనిపై పడకుండుట ఎట్లు అనునవి ఇట్టి పరిశోధనలో తేలవలసిన విషయములు. 2023లో కేంద్ర ప్రభుత్వము 15,000 మహిళా సంఘములకు డ్రోన్లనిచ్చు పథకమును ఆమోదించినది.

పరిశోధన ప్రయోగశాలలో పుట్టినను చేనిలోనే పండవలెను. విశ్వవిద్యాలయ విద్యార్థి కెమెరాతో మీ గట్టునకు వచ్చినపుడు అతనికి చేను చూపుడు. కాయ కోయు తల్లిచేత రెండు మాటలు చెప్పించుడు. ఆ మాటలు లేనిదే ఆ యంత్రమునకు చూపు రాదు.